వృద్ధుల అన్నము దయయా, న్యాయమా?



మన పల్లెలలో ఒక మాట తరచుగా వినబడును. ఒక కుమారుడు తన ముసలి తల్లిని ఇంట నుంచుకొని రెండు పూటల అన్నము పెట్టినయెడల, "ఎంత మంచివాడు! తల్లిని చూచుకొనుచున్నాడు" అని ఇరుగుపొరుగువారు మెచ్చుకొందురు. ఈ మెప్పులో తప్పు లేదు. అయినను ఒక సంగతి ఆలోచించుడి. నాట్లు వేసిన కూలివారికి సాయంకాలమున కూలి యిచ్చిన రైతును చూచి "ఎంత దయగలవాడు" అని ఎవరైనను అందురా? అనరు. కూలి ఎగవేసినయెడల మాత్రము ఊరంతయు అతనిని నిలువబెట్టి అడుగును. కూలి న్యాయమని మనకందరికిని తెలియును. తల్లి తిను అన్నము మాత్రము దయ యని తలంచుచున్నాము.

ఈ నెల మీ యెదుట ఉంచగోరు ప్రశ్న ఇదియే. వృద్ధులకు మనము చేయునది దయయా, న్యాయమా? ఇది పండితుల వాదమని విడిచిపెట్టకుడి. అది దయ యైనయెడల ఎంత పెట్టవలెనో, ఎప్పుడు పెట్టవలెనో, ఎప్పుడు మానవలెనో పెట్టువాడే నిర్ణయించును. తినువారు నోరు మూసికొని యుండవలెను. అది న్యాయమైనయెడల వారు అడుగవచ్చును. వారు అడుగలేనప్పుడు వారి పక్షమున మనము అడుగవలెను. కాబట్టి ఈ ప్రశ్నకు మన మిచ్చు జవాబునుబట్టి ఎందరో ముసలివారి కంచములో అన్నము పడుటయో, పడకపోవుటయో జరుగును.

మొదట మన యూళ్లలో జరుగుచున్నది చూతము. అన్నదమ్ములు పొలము పంచుకొనునప్పుడు తలిదండ్రులను గూడ పంచుకొందురు. తండ్రి పెద్దవాని వంతు, తల్లి చిన్నవాని వంతు. నలువది యేండ్లు ఒక్క కప్పు క్రింద బ్రదికినవారు ముసలితనమున వేరు వేరు వీధులలో పండుకొందురు. మరికొన్ని ఇండ్లలో నెల నెలకు వంతులు. నెల నిండగానే తల్లి తన చీరల మూట చంకను పెట్టుకొని రెండవ కుమారుని గుమ్మము తొక్కును. నెలకు 31 దినములు వచ్చినప్పుడు ఆ చివరి దినము ఎవరి వంతని వాదులాడుకొన్న ఇండ్లు కలవు. వాదము తెగకమునుపే ప్రొద్దుగూకును. ఆ దినమున ఆమె యేమి తినినదని అడుగువారు లేరు.

ఇంకొక విధము కలదు. కుమారుడు "నాయనా, నీవు బ్రదికియుండగానే పొలము నా పేర వ్రాసిన బ్యాంకులో అప్పు పుట్టును" అని చెప్పి తండ్రిని రిజిస్ట్రారు కచేరికి తీసికొనిపోవును. తండ్రి వ్రేలిముద్ర వేయును. వేసిన దినమువరకు అతడు ఇంటి యజమానుడు. మరునాటినుండి పంచలో మంచము వేసికొన్నవాడు. కొన్నాళ్లకు ఆ మంచము పశువుల పాక దగ్గరకు జరుగును. ఇట్టి సంగతులు క్రైస్తవుల ఇండ్లలో జరుగవని చెప్పగలిగినయెడల ఈ వ్యాసము వ్రాయనక్కరలేదు.

అయితే కుమారుల పక్షమున చెప్పవలసిన మాటయు కలదు. అందరును కఠినులు కారు. కౌలు కట్టలేక, పిల్లల ఫీజులు తీర్చలేక, పనికోసము హైదరాబాదునకో కువైటునకో పోయినవారు పెక్కుమంది. వారు పంపు రూపాయలలో తల్లి మందులకు మిగులునది కొంచెమే. మరియు కన్నవారి సేవ నాది యని కుమారుడు పేరు తెచ్చుకొనుచు, పడక ఎత్తుట మొదలు గంజి కాచుటవరకు సమస్తమును కోడలిమీదనే వేసిన ఇండ్లును పెక్కు. అదియు న్యాయము కాదు. ఒకరి హక్కు తీర్చుటకు మరియొకరి వీపు విరుగకూడదు. కాబట్టి ముసలివారి పోషణ ఒక కుటుంబము ఒంటరిగా మోయు బరువు కాదనియు, సంఘమును ప్రభుత్వమును దానికి భుజము పట్టవలెననియు మొదటనే చెప్పుచున్నాను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. "హక్కు అను మాట ఇంటిలోనికి తెచ్చినయెడల ప్రేమ చెడిపోవును గదా? తల్లికి కుమారునికి మధ్య చట్టమేల?" అని కొందరు అడుగుదురు. ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రేమగల ఇంటిలో ఎవరును చట్టము తలంచరు, తలంచనక్కరలేదు. అయినను ప్రేమ న్యాయముకంటె ఎక్కువ చేయును గాని తక్కువ చేయదు. క్రొత్త ఇల్లు కట్టువాడు దాని కప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. జాగ్రత్తగా నడచువానికి ఆ గోడ అడ్డము కాదు. తూలినవానిని మాత్రము అది పట్టుకొనును. వృద్ధుల హక్కును అట్టిదే. ప్రేమ తూలిన చోట మనిషి క్రిందపడకుండ అది నిలుచును.

మరియొకరు, "వారు మనలను పెంచిరి, పొలము చేసిరి, అప్పులు తీర్చిరి, దానికి ఇది బదులు" అని చెప్పుదురు. ఇది మంచి మాటయే. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయములో పౌలును, పిల్లలు కన్నవారికి బదులు చేయ నేర్చుకొనవలెనని బోధించెను. అయినను ఇంతటితో నిలిచినయెడల ఒక చిక్కు వచ్చును. పిల్లలు లేని విధవరాలి సంగతి యేమి? పుట్టినది మొదలు కుంటియై సంపాదింపలేనివాని సంగతి యేమి? త్రాగి ఆస్తి పోగొట్టి, పిల్లలను పెంచని తండ్రి నేడు ముసలివాడై పండుకొనియున్నాడు, అతని సంగతి యేమి? బదులే న్యాయమునకు ఆధారమైనయెడల వీరికి ఏమియు రాదు. లేవీయకాండము 19వ అధ్యాయము నెరసిన తల యెదుట లేచి నిలువుమని చెప్పునప్పుడు, ఆ తల ఎన్ని మూటలు మోసినదో లెక్క అడుగలేదు. మనిషి దేవుని పోలికెలో చేయబడినవాడు గనుక, బలము ఉడిగిన దినమున అతనికి కూడు, గుడ్డ, నీడ, గౌరవము రావలసియున్నవి. వారు చేసిన పని మన ఋణమును పెంచును; ఆ ఋణమునకు పునాది మాత్రము వారు మనుష్యులై యుండుటయే.

ప్రభువైన యేసు ఈ విషయమున ఎంత కఠినముగా పలికెనో మార్కు సువార్త 7వ అధ్యాయములో చదువుడి. తలిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను అని, అనగా దేవునికి అర్పితమని చెప్పి వారికి ఇయ్యకుండుటకు ఆ కాలపు బోధకులు త్రోవ చూపిరి. అట్టి ఆచారము దేవుని ఆజ్ఞను కొట్టివేయుచున్నదని ప్రభువు చెప్పెను. గమనించుడి: ఇక్కడ కుమారుడు డబ్బు పాడుచేసినవాడు కాడు, కానుక యిచ్చినవాడు. మన సంఘములలో గుడికి ఫ్యాను ఇచ్చి దాని రెక్కలమీద పేరు వ్రాయించుకొనినవాని తల్లి కంటిపొర తీయించుకొనలేక గోడ పట్టుకొని నడచుచున్నయెడల, ఆ ఫ్యాను గాలి మనకు చల్లగా నుండదగునా? ఇట్టి కానుకను పుచ్చుకొనకమునుపు కాపరియు పెద్దలును ఆ యింటి తల్లిని గూర్చి అడుగవలసినవారై యున్నారు.

ఇక దేశపు చట్టము చెప్పునది వినుడి. మన రాజ్యాంగము 41వ అధికరణములో ముసలితనమందు ప్రజలకు సహాయము చేయుట ప్రభుత్వమునకు ఒక లక్ష్యముగా ఏర్పరచినది. 2007వ సంవత్సరమున పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము చేసినది. 60 యేండ్లు నిండి తమ్మును తాము పోషించుకొనలేనివారును, ఏ వయస్సుగల తలిదండ్రులైనను, పిల్లలు పోషింపనప్పుడు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. కుమారుడే కాదు, కుమార్తెయు, యుక్తవయస్సు వచ్చిన మనుమడును మనుమరాలును దీనికి బాధ్యులు. పిల్లలు లేనివారి పోషణ వారి ఆస్తికి వారసులగు బంధువులమీద నుండును. మన ప్రాంతములలో రెవెన్యూ డివిజనల్ అధికారియే ఆ ట్రిబ్యునలునకు పెద్ద. వకీలును పెట్టుకొనవలెనన్న భయము లేదు. అక్కడ వకీళ్లు వాదింపకూడదనియే ఆ చట్టములో వ్రాసిరి. నోటీసు అందిన తరువాత 90 దినములలో తీర్పు చెప్పవలెను. విశేష కారణమున్నయెడల ఇంకొక 30 దినములు. నెలకు 10,000 రూపాయలకు మించకుండ పోషణ యిప్పించవచ్చును. కాపాడవలసిన వృద్ధుని విడిచిపెట్టినవానికి 3 నెలల ఖైదుగాని, 5,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ముసలివాడు తానై పోలేనియెడల అతడు నియమించిన మరియొకరో, ఒక సంస్థయో అర్జీ పెట్టవచ్చును. సంఘ పెద్దలారా, ఈ చివరి మాట మీకొరకు వ్రాయబడినదని యెంచుకొనుడి.

ఆ చట్టపు 23వ సెక్షను పొలముగల ప్రతి ముసలివాడును తెలిసికొనదగినది. తన్ను పోషింపవలెనన్న షరతుమీద ఆస్తి వ్రాసియిచ్చినప్పుడు, పుచ్చుకొనినవాడు పోషింపనియెడల ఆ దస్తావేజును రద్దు చేయవచ్చును. ఆ షరతు ఉన్నట్లు చూపవలెనని 2022 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పెను. 2025 జనవరిలో మధ్యప్రదేశునకు చెందిన ఒక తల్లి కుమారునికి వ్రాసిన దానపత్రమును ఆ కోర్టే రద్దుచేసి, ఈ చట్టమును వృద్ధులకు మేలు కలుగునట్లు ఉదారముగా చదువవలెనని తీర్పు చెప్పి, ఇల్లు ఆమెకు తిరిగి యిప్పించెను. కావున మీలో ఎవరైనను బిడ్డలకు ఆస్తి వ్రాయుచున్నయెడల, పోషణ షరతును కాగితములోనే వ్రాయించుడి. బిడ్డమీద నమ్మకములేక కాదు. మంచి బిడ్డకు ఆ వాక్యము బరువు కాదు. అతని తరువాత ఆ యింట ఎవరు ఏలుదురో మనకు తెలియదు.

ఇక్కడ ఒక విశ్వాసి తల్లి అడుగు ప్రశ్న యున్నది. "కన్నకొడుకుమీద అర్జీ పెట్టుట పాపము కాదా? సహోదరులు అన్యుల యెదుట వ్యాజ్యెమాడుటను పౌలు గద్దించెను గదా?" కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము జాగ్రత్తగా చదువుడి. సహోదరుల మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడా అని పౌలు అడిగెను. అనగా ఆ సిగ్గు మొదట సంఘమునకు వచ్చును. కాపరియు ఇద్దరు పెద్దలును ఆ యింటికి పోయి, కుమారుని కూర్చుండబెట్టి, అవసరమైనయెడల మరల మరల పోయి, నెలకు ఎంత బియ్యము, మందులకు ఎంత, పడక ఎక్కడ అని తేల్చవలెను. ఆలాగు చేసిన సంఘములోని తల్లికి కచేరి మెట్లు ఎక్కు పని రాదు. సంఘము ఏమియు చేయక, కడుపు కాలి ఆమె అధికారియొద్దకు పోయినయెడల, ఆమెను తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. పౌలు కూడ అన్యాయము జరుగనున్నప్పుడు కైసరునొద్దకు చెప్పుకొనెను.

తల్లులు మౌనముగా నుందురు. కాపరి పోయి అడిగినయెడల "తింటిని నాయనా" అందురు. కుమారుని పేరు చెడునని వారి భయము. ఆ మౌనము తల్లి ప్రేమ. దానిని చూచి మనమును మౌనముగా నుండుట ప్రేమ కాదు. ఆమె కప్పిపెట్టుచున్న ఆకలిని మనము చూడకుండ నుండుట సులభమైనది గనుక ఆలాగు చేయుచున్నాము.

"ఇంటింటికి పోయి హెచ్చరించుట సరే, పింఛనులకొరకు అర్జీలు వ్రాయుట, అధికారులను అడుగుట కాపరి పనియా?" అని మరికొందరందురు. అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయము దీనికి జవాబు. గ్రీకు భాష మాట్లాడు విధవరాండ్రకు దినదిన భోజనము సరిగా అందలేదని సణుగు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగును గద్దింపలేదు; ఏడుగురిని ఏర్పరచి ఏర్పాటును సరిచేసిరి.

పరదేశపు చరిత్ర ఒకటి చెప్పెదను. 1898లో లండనులోని వాల్‌వర్త్ అను బీదల పేటలో బ్రౌనింగ్ హాలు అను సేవాస్థలమునకు ఫ్రాన్సిస్ హెర్బర్ట్ స్టెడ్ అను బోధకుడు పెద్దగా నుండెను. ఆ కాలపు ఇంగ్లండులో ముసలి బీదలకు మిగిలిన చోటు ధర్మపు బీదల ఇల్లు. అక్కడ భార్యను భర్తను తరచుగా వేరుచేసెడివారు. ఆ ధర్మము పుచ్చుకొనినవానికి ఓటు పోవును. ఆ యేడే న్యూజీలాండు దేశము వృద్ధులకు పింఛను చట్టము చేసెను. ఆ దేశపు ప్రతినిధియగు విలియం పెంబర్ రీవ్స్‌ను స్టెడ్ తన హాలునకు పిలిచి ఆ సంగతి చెప్పించెను. లండను బీదరికమును వీధి వీధిని విచారించిన చార్లెస్ బూత్ వారితో కలిసెను. ఫ్రెడరిక్ రోజర్స్ అను పుస్తకముల బైండరు కార్యదర్శియై దేశమంతట తిరిగి మాటలాడెను. పది యేండ్లకు, 1908లో, పార్లమెంటు చట్టము చేసెను. 1909 జనవరి 1 నుండి 70 యేండ్లు నిండిన బీదలు వారమునకు 5 షిల్లింగుల వరకు పోస్టాఫీసులో పుచ్చుకొనిరి. ఆ పింఛను పుచ్చుకొనినందున ఓటుగాని మరి యే హక్కుగాని పోదని చట్టములోనే వ్రాసిరి. ఆ యొక్క వాక్యమువలన, నిన్నటివరకు దయ యనబడినది న్యాయమైనది.

మన దేశములో 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఆరంభించెను. తరువాత తన భాగమును 200 రూపాయలు చేసెను. 2011లో వయస్సును 65 నుండి 60కి తగ్గించి, 80 దాటినవారికి 500 రూపాయలు చేసెను. ఇది చాలదని అరుణా రాయ్, బాబా ఆఢావ్ మొదలైనవారి నాయకత్వమున 2012లో అనేక రాష్ట్రముల వృద్ధులు ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద కూర్చుండిరి. కేంద్రము ఇచ్చుదానికి రాష్ట్రములు తమ సొమ్ము కలిపినవి. తెలంగాణములో 2019లో నెలకు 2,016 రూపాయలును, ఆంధ్రప్రదేశములో 2024 జూలైలో 4,000 రూపాయలును చేసిరి. 75 రూపాయలనుండి ఇంతవరకు వచ్చుట ఎవరును అడుగకుండ జరిగినది కాదు.

"పింఛను వచ్చినందున కుమారులు బాధ్యత మరచెదరు" అను మాట వినుచున్నాము. పింఛను వచ్చు తల్లికి ఇంట మాట దక్కుటయు మనము చూచుచున్నాము. మనుమనికి ఒక బిస్కట్టు పొట్లము కొనియిచ్చు సంతోషము ఆమెకు కలుగుచున్నది. తన చేతిలో నాలుగు రూపాయలున్న మనిషి తల యెత్తి కూర్చుండును. అయితే ఆ రూపాయలు ఆమెవి. వాటిని పుచ్చుకొని సారా దుకాణమునకు పోవు కుమారుడు దొంగ యని బోధించుటకు కాపరి జంకకూడదు.

మరియు వృద్ధులనిన పోషింపవలసిన నోళ్లు మాత్రమే యని తలంచకుడి. సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో 80 యేండ్ల బర్జిల్లయిని దావీదు రాజు తనతో యెరూషలేమునకు వచ్చి రాజపోషణలో నుండుమని పిలిచెను. అతడు ఒప్పుకొనలేదు, తన ఊరిలో, కన్నవారి సమాధియొద్ద చనిపోవ గోరెను. రాజు బలవంతము చేయక అతని కోరికను మన్నించెను. ఎక్కడ నుండవలెనో, ఎవరితో నుండవలెనో ముసలివానిని అడుగుట కూడ అన్నమువంటి హక్కే. మన సంఘ కమిటీలో, స్త్రీల సమాజములో, పంచాయతి కూటములో వృద్ధులు తమ సంగతి తామే చెప్పుకొనుటకు చోటు ఇయ్యవలెను.

ఇప్పుడు చేయదగినవి చెప్పి ముగించెదను. మీ సంఘములో 60 దాటినవారి పేర్లు, ముఖ్యముగా ఒంటరివారి పేర్లు, ఒక పుస్తకములో వ్రాయుడి. స్త్రీల సమాజమువారు నెలకొకసారి పోయి పొయ్యి మండుచున్నదో లేదో చూడవలెను, ముందుగా చెప్పిపోకూడదు. పింఛను రానివారి అర్జీలు, ఆధార్ కార్డులో వయస్సు తప్పు పడినవారి కాగితములు, వ్రేలిముద్రలు అరిగిపోయి యంత్రము పట్టనివారి చిక్కులు మన చదువుకొన్న యౌవనస్థులు చేతబట్టవలెను. 14567 అను టెలిఫోను నంబరు వృద్ధుల సహాయమునకు ఏర్పడినది. దానిని గుడి గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయుడి. దస్తావేజుమీద వ్రేలిముద్ర వేయకమునుపు నమ్మకమైన యొకడు దానిని ముసలివానికి చదివి వినిపింపవలెను. మీరు తెచ్చు పిడికెడు బియ్యములో మొదటి భాగము ఒంటరి వృద్ధులకు చెందును గాక. అక్టోబరు 1వ తేదీని ఐక్యరాజ్యసమితి వృద్ధుల దినముగా ఏర్పరచినది. ఆ వారపు ఆరాధనలో వారిని పొగడి పంపివేయక, వారికి రావలసినది యేదో సభలో చదువుడి.

తాతకు చిప్పలో కూడు పెట్టిన తండ్రిని చూచి, ఆ చిప్పను నీ కొరకు దాచెదనని చెప్పిన పిల్లవాని కథ మీరు వినియుందురు. మంచి కథయే, అయినను అది భయముచేత బుద్ధి నేర్పును. రేపు నాకు పెట్టుదురని నేడు పెట్టుట బేరము. ఏబది దాటిన నాకును ఆ బేరములో లాభము కనబడుచున్నది గనుక దానిని మీకు బోధింపను. బిడ్డలు లేనివానికి, మనకు తిరిగి ఏమియు చేయలేనివానికి, కృతజ్ఞత మరచి విసుగుకొనువానికి సహితము రావలసినది ఇచ్చుటయే న్యాయము. సహోదర సహోదరీలారా, ఈ రాత్రి కంచము ముందు కూర్చుండకమునుపు మీ యింటిలోను, మీ ప్రక్క యింటిలోను ముసలివారు తినిరో లేదో అడుగుడి. తినలేదన్నయెడల, దయ చేయుచున్నామని తలంచక, బాకీ తీర్చువారివలె లేచి పోయి పెట్టుడి.